కావాల్నే ఓడిపోయింటాది

ఆ నవలను సినిమాగా తీస్తున్నారన్న వార్త వచ్చినప్పటి నుంచి పొద్దుటి రైల్లో మా ఇద్దరికీ వేరే మాట లేకుండా పోయింది. నేను హిందూపురంలో ఎక్కేదాన్ని, ఆమె పెనుకొండలో ఎక్కేది, ఇద్దరం ధర్మవరంలో దిగేవాళ్లం. నాది అక్కడ ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు పని, ఆమెది రక్తపరీక్షల ల్యాబులో. నాకంటే ఆరేళ్లు చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది. ఆమె కోసం రోజూ నా పక్క సీటులో హ్యాండుబ్యాగు పెట్టి ఉంచేదాన్ని. దాని కోసం ఎంతమందితో మాటలు పడ్డానో లెక్కలేదు.

మూడు సంపుటాల నవల అది. మాట్లాడే బావులు, శాపం తగిలి నిద్రపోయిన ఊళ్లు, కొండల మీద మనిషిని వదిలి తిరిగే నీడలు, ఇట్లాంటివి ఎన్నో ఉన్నాయి అందులో. అయినా చదివినవాళ్లంతా కొట్టుకునేది మాత్రం రెండో సంపుటం చివర వచ్చే కత్తియుద్ధం గురించే. ఒక గురువు, ఆమె చిన్నప్పటి నుంచీ పెంచిన శిష్యురాలు, కోట కాపలా పదవి కోసం తలపడాల్సి వస్తుంది. ఇద్దరూ కత్తులు ఎత్తుతారు. అధ్యాయం అక్కడితో ఆగిపోతుంది. మూడో సంపుటం తెరిస్తే పదేళ్లు గడిచిపోయి ఉంటాయి. శిష్యురాలు కోటకు అధికారి. గురువు ఎక్కడో గొర్రెలు కాసుకుంటూ ఉంటుంది. అంతవరకూ ఒక్కసారి కూడా ఓడని మనిషి ఎలా ఓడిందో రచయిత ఎక్కడా చెప్పడు.

అభిమానులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. కత్తికి విషం పూశారని ఒకరు, బావి శాపమని ఇంకొకరు. మొదటి పోస్టరులో గురువు కత్తి కుడిచేతిలో ఉండటంతో పెద్ద గొడవైంది, ఎందుకంటే పుస్తకంలో ఆమెది ఎడమచేతి వాటం. బొమ్మను తిరగేసి అచ్చు వేశారని నేను వాదించాను. పైట ఎటువైపు ఉందో చూడమన్నాను. రెండు రోజులు గ్రూపంతా ఆ పైట మీదే నడిచింది. పెనుకొండ కొండ మీద షూటింగు జరుగుతోందని, ఇద్దరు ఆడవాళ్లు చెక్కకత్తులతో సాధన చేస్తుంటే చూశామని ఎవరో రాశారు. ఆమె ఆదివారం పనిగట్టుకుని కొండెక్కి, ఎండలో మాడి, ఉత్త చేతులతో దిగి వచ్చింది. సోమవారం రైల్లో ఆ సంగతి చెప్పుకుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

మా పుట్టిల్లు ధర్మవరంలోనే. బడి నుంచి పది నిమిషాల నడక. మధ్యాహ్నం అక్కడికి వెళ్లి అన్నం తిని, ఉన్న కాసేపు మా నాయనకు ఆ నవల చదివి వినిపించేదాన్ని. నాయన పట్టుచీరలు నేసినవాడు. చాలా ఏళ్ల కిందటే నేత మానేశాడు. చదువు రాదు, కానీ విన్నది మర్చిపోడు. కత్తియుద్ధం దాకా వచ్చిన రోజు నేను పుస్తకం మూసి, "ఎట్ల ఓడిపోయింటాది నాయనా?" అని ఊరికే అడిగాను.

"కావాల్నే ఓడిపోయింటాది," అన్నాడు నాయన.

"ఎట్ల చెప్తావు?"

"మొదట్లో ఆయమ్మ చెంబు ఎడంచేత్తో పట్టుకున్నెట్ల చదివినావు. నడమ వానొచ్చిన కాడ కుడిచేత్తో పట్టుకునింది. మొన్న రెండు చేతుల్తో. ఆ మణికట్టు పోయుండాది. గెలిస్తే మాత్రం ఆ చేత్తో కోట ఎట్ల కాస్తాది? పిల్ల చేతికి ఇచ్చి తప్పుకునింటాది."

నేను పుస్తకం మళ్లీ తిరగేశాను. మూడు చోట్లా ఆయన చెప్పినట్లే ఉంది. నాలుగుసార్లు చదివిన నాకు అది కనబడలేదు. నీకెలా తెలిసిందని అడిగాను. అప్పుడు తన సంగతి చెప్పాడు.

నా చిన్నతనంలో, నేత పని ఇచ్చే మా షావుకారు ఒక కొత్త డిజైను తెచ్చాడట. వెడల్పాటి అంచు, కష్టమైన పని. ఆ డిజైను నేసే మగ్గం ఒక్కరికే. నాయనను, చిన్నాయనను చెరో మూర నేసి చూపమన్నాడు. అప్పటికి ఊళ్లో నాయన చేతికి ఎదురు లేదు. చిన్నాయనకు కొత్తగా పెళ్లైంది. పని కుదరక బెంగళూరు పోతానంటున్నాడు. నాయనకేమో ఎడమ మణికట్టు అప్పటికే పోయింది. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను కుడిచేత్తో ఆడించి, పోగు పడిన ప్రతిసారీ ఎడమచేత్తో దగ్గరికి కొట్టాలి. రెండు చీరలు దాటితే ఆ చెయ్యి లేచేది కాదు. అది ఇంట్లో అమ్మకు కూడా తెలియదు. ఆయన తన మూరలో అంచు దగ్గర రెండు పోగులు తప్పించి నేశాడు. మగ్గం చిన్నాయనకు దక్కింది.

"అన్నను గెల్చినోడు అని వానికి పేరొచ్చింది. ఆ పేరుతోనే నిలదొక్కుకున్యాడు," అన్నాడు నాయన. "మీ చిన్నాయనకు తెలీకూడదు మ్మా. నీ కడుపులో పెట్టుకో."

పెట్టుకుంటానన్నాను. పెట్టుకోలేదు.

మరుసటి రోజే రైల్లో ఆమెకు చెప్పేశాను. చెంబు సంగతి చెప్పేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఇది ఎవురికీ తట్టలేదు. మీ నాయన మామూలోడు కాదు," అంది. ఆ సంతోషంలో రెండో సంగతి కూడా చెప్పాను. గ్రూపులో పెట్టొద్దు, ఇది మా ఇంటి మాట అని కూడా చెప్పాను. "నాకు తెల్దా అక్కా" అంది.

మూడు వారాల తర్వాత బడిలో లెక్కల మాస్టారు ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. "మేడమ్, మీకు ఆ నవల పిచ్చి కదా, ఈ పెనుకొండ మేడమ్ ఎంత బాగా చెప్తాందో వినండి." ఆమె కొత్తగా యూట్యూబులో ఒక చానెల్ పెట్టింది. నాకు చెప్పలేదు. ముఖం చూపించలేదు గానీ గొంతు ఆమెదే. గురువు చెంబు పట్టుకున్న ఆ మూడు చోట్లూ వరుసగా చెప్పింది. అది తనకెలా తట్టిందో కూడా చెప్పింది. ధర్మవరంలో తనకు ఒక పెదనాన్న ఉన్నాడట. మణికట్టు పోయి, తమ్ముడి కోసం రెండు పోగులు తప్పించి నేశాడట. వెడల్పు అంచు, చెరో మూర, షావుకారు, బెంగళూరు పోతానన్న తమ్ముడు, ఏదీ వదల్లేదు. చెప్తూ చెప్తూ గొంతు వణికించింది.

రైల్లో నా భుజానికి భుజం ఆనించి కూర్చుని విన్న మనిషి మా నాయనను ఎత్తుకుపోయి తన పెదనాన్నను చేసుకుంది. చెంబు ఊహ ఒక్కటే తీసుకునుంటే నాలుగు రోజులు అలిగి మర్చిపోయేదాన్నేమో.

ధర్మవరం చిన్న ఊరు. పేర్లు లేకపోయినా ఆ మగ్గం సంగతి గుర్తున్న నేతగాళ్లు ఇంకా ఉన్నారు. ఆ వారంలోనే ఎవరో చిన్నాయనకు వినిపించారు. నేను మధ్యాహ్నం అన్నం తింటుండగా ఆయన లోపలికి వచ్చి, నిలబడే అడిగాడు.

"అన్నా, నిజమేనా?"

నాయన ఏ సంగతని అడగలేదు. నా వైపు చూశాడు. అన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

"నిజమేరా," అన్నాడు నాయన.

"ఇన్నేండ్లూ నేను గెల్చినానని నలుగురికీ చెప్పుకుంటి. నా పిల్లోళ్లకు చెప్పుకుంటి. పక్కన కూర్చోని వింటా ఉంటివి కదా. ఒగ మాట నువ్వన్నా చెప్పకపోతివే."

"నువ్వు బాగుపడల్లని..."

"అడుక్కున్నెట్ల చేస్తివన్నా నన్ను," అన్నాడు చిన్నాయన. అరవలేదు. అమ్మ మంచినీళ్లు తెస్తే తాగకుండా వెళ్లిపోయాడు.

నాయన నన్ను తిట్టలేదు. "ఎవురికి చెప్పినావు?" అని ఒక్కటే అడిగాడు. చెప్పాను. "సరేలే, తిను," అని లేచి బయటి అరుగు మీదికి వెళ్లాడు. ఆ రోజు నేను బడికి ఆలస్యంగా వెళ్లాను, పిల్లలకు పాఠం చెప్పలేకపోయాను.

మరునాడు రైలు పెనుకొండలో ఆగేసరికి నా పక్క సీటులో హ్యాండుబ్యాగు లేదు, వేరెవరో కూర్చుని ఉన్నారు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. జరిగింది చెప్పాను.

"పేరు చెప్పలేదు కదక్కా," అంది ముందు. ఆ తర్వాత, "మీ నాయన మాట నలుగురికీ తెలిస్తే మంచిదే కదా అనుకుంటి. నాదని చెప్పకపోతే ఎవురింటారక్కా," అంది.

"ఆయన నాకు చెప్పుకున్న మాట అది. నీ పెదనాయన ఎట్లయినాడు?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయంత్రానికి వీడియో తీసేసింది. అక్కా, తీసేసినా అని మెసేజి పెట్టింది. వినాల్సినవాళ్లు అప్పటికే విన్నారు. నేను జవాబు ఇవ్వలేదు. గ్రూపు నుంచి బయటికొచ్చేశాను.

ఆమె మీద ఎంత కోపం తెచ్చుకున్నా ఒకచోట ఆగిపోయేది. నాకు మాటిచ్చి తప్పింది ఆమె. నాయనకు మాటిచ్చి తప్పింది నేను. ఆమెకు మూడు వారాలు పట్టింది, నాకు ఒక్క రోజు కూడా పట్టలేదు.

సినిమా వచ్చింది. హిందూపురంలో ఒక్కదాన్నే వెళ్లి చూశాను. చెంబు లేదు, మణికట్టు లేదు. గురువు మొదటి నుంచీ కుడిచేత్తోనే కత్తి పట్టింది. అంటే పోస్టరు తిరగేసింది కాదు. శిష్యురాలు బండ మీద నుంచి బండ మీదికి ఎగిరి, గాలిలో గిరగిరా తిరిగి, గురువు కత్తిని ఎగరగొట్టింది. హాలంతా ఈలలు. ఏళ్ల తరబడి మేమందరం పోట్లాడుకున్న ఖాళీని నాలుగు నిమిషాల్లో పూడ్చేశారు. నాకు ఏడుపొచ్చింది. బయట ఆమెను దూరం నుంచి చూశాను. ఆమె కూడా ఒక్కతే వచ్చినట్లుంది. చెయ్యి కొద్దిగా ఎత్తింది. నేను ఆటో ఎక్కేశాను.

ఒకరోజు మధ్యాహ్నం పుట్టింటి నుంచి బడికి తిరిగి వెళ్తుంటే చిన్నాయన సందు మలుపులో కనిపించి, తనే పలకరించాడు. సినిమా చూశాడట.

"బాగుండాదా చిన్నాయనా?"

"బాగుండాది. దాంట్లో ఆ పిల్ల న్యాయంగానే గెల్చింది మ్మా. ఎవురూ ఇడ్సిపెట్టలేదు," అన్నాడు. ఇంకేదో అనబోయి, లుంగీ సర్దుకుని ముందుకు నడిచాడు. మా ఇంటి గడప మాత్రం ఇప్పటికీ తొక్కలేదు. పండక్కి పిల్లలను పంపిస్తాడు.

నేనిప్పుడు బస్సులో వస్తున్నాను. గంట ముందు లేవాలి. మధ్యాహ్నం పుట్టింటికి వెళ్తూనే ఉన్నాను. మూడో సంపుటం చదవమంటావా అని రెండుసార్లు అడిగితే, "కండ్లు మంటగా ఉండాయి, ఇంగోసారి," అన్నాడు నాయన. వినడానికి కళ్లతో పనేముందని నేను అనలేదు.

పోయిన నెల అమ్మ మాటల్లో ఒక విషయం బయటపడింది. నాయనకు కంటిలో పొర వచ్చిందట. అనంతపురం పోయి చూపించుకుని, ఆపరేషనుకు రోజు కూడా తీసుకుని వచ్చారట. తోడు పోయింది పక్కింటాయన. రోజూ మధ్యాహ్నం ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను, నాకు తెలియదు.

"నాకెందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగాను.

"చెప్పేంత పెద్ద సంగతి కాదులే," అన్నాడు, కంచం నా వైపు జరుపుతూ.