ముందు చక్రాల మీది బరువు

ఆ ఇంగ్లీషు పుస్తకం గుంటూరులో పాత పుస్తకాలమ్మే బండి మీద దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు దగ్గర పట్టుకున్న ట్యాంకులను ఎలా మార్చి వాడుకున్నారో అందులో బొమ్మలతో సహా ఉంది. ఇలాంటివి చదువుతానని ఎవరికీ చెప్పను. చెప్పడానికి ఇంట్లో ఉన్నది నాన్న ఒక్కడే. అమ్మ పోయాక మా మధ్య మాటలు అన్నం, కూర, కరెంటు వరకే.

రష్యావాళ్లు జర్మన్ ట్యాంకుల పైన గుండ్రంగా తిరిగే భాగాన్ని ఊడదీసి, అక్కడ ఇనుప రేకులతో గది కట్టి, తమ పెద్ద ఫిరంగి బిగించారట. ఇక గురి మార్చాలంటే చాలాసార్లు బండి మొత్తం తిరగాల్సిందే. లోపల పాతవాళ్ల భాషలో రాతలు అలాగే ఉండి ఉంటాయని, కొత్తవాళ్లు వాటిని చదవలేక చేత్తో తడిమి నేర్చుకుని ఉంటారని డైరీలో రాసుకున్నాను.

నాన్నకు నరసరావుపేట రోడ్డులో వెల్డింగు షెడ్డు ఉంది. పాత ట్రాక్టర్లు కొని, మిరప చేలలో మందు కొట్టే బండ్లుగా మారుస్తాడు. ఆ ఏడాది మా ఊరి రైతు ఒకాయన పెద్ద డ్రమ్ముతో బండి కావాలన్నాడు. చాలా నెలల తర్వాత వచ్చిన పని. ఇది బాగా కుదిరితే పక్క ఊళ్లవాళ్లూ వస్తారని నాన్న ఆశ. ఆ పనికి కొన్న ట్రాక్టరు బానెట్టు మీద పాత యజమాని తన కూతురి పేరు రాయించుకున్నాడు. రెండుసార్లు ఎర్ర రంగు పూసినా అది లీలగా కనబడుతూనే ఉంది.

పంపు, గొట్టాలు వెనక పెట్టి, డ్రమ్ము ముందు బిగించాడు నాన్న. "త్రాసులా సరిపోద్ది," అనుకున్నాడు తనలో తానే. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఫిరంగి బరువంతా ముందుకు పడి ముందు చక్రాలు తట్టుకోలేకపోయాయని పుస్తకంలో చదివాను. మాట నోటిదాకా వచ్చింది.

"ఏంటమ్మా?" అన్నాడు నాన్న.

"టీ చల్లారిపోతోంది."

ఆ సాయంత్రం డైరీలో మాత్రం పేజీన్నర రాశాను, బొమ్మ గీసి మరీ.

వాన పడి రెండు రోజులైన నల్లరేగడి చేలో బండికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. పరీక్షకని డ్రమ్ము నిండా నీళ్లు పోశారు. మూడో సాలు మధ్యలో ముందు చక్రాలు దిగబడ్డాయి. బండి నడుపుతున్న నాన్న యాక్సిలరేటరు గట్టిగా తొక్కేసరికి ముందు ఇరుసు ఫట్‌మని విరిగింది.

"ఏం బావా, మందు కొట్టే బండి అడిగితే బోరు వేసే బండి చేశావే!" అన్నాడు రైతు. గట్టు మీదివాళ్లు నవ్వారు. నాన్నా నవ్వాడు, అమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్లకు కాఫీలు అందిస్తూ నవ్విన నవ్వు. రైతు మాత్రం తేల్చి చెప్పాడు. "పది రోజులు చూస్తా బావా. మిరపకు పట్టిన తామరపురుగు ఆగదుగా. ఆ తర్వాత వేరేచోట చూసుకుంటా."

ఇంటికొచ్చాక పుస్తకం, డైరీ రెండూ ఆయన ముందు తెరిచిపెట్టాను. బొమ్మ చూశాడు. నా పేజీ చదివాడు. పైనున్న తేదీ దగ్గర వేలు ఆగింది.

"మరి చెప్పలేదేం?"

నేను పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పాను.

"ఆ రష్యావాళ్లేం చేశారు?" అన్నాడు నాన్న.

"కొన్ని చేసి ఆపేశారు. తర్వాత చిన్న ఫిరంగి పెట్టి మళ్లీ చేశారు."

"రేపు షెడ్డుకు రా," అని డైరీ మూసి ఇచ్చాడు. అంతకు ముందరి పేజీ తిప్పి చూడలేదు. నాన్నతో ఎలా మాట్లాడాలో తెలియడం లేదని రాసింది ఆ పేజీలోనే.

మర్నాడు షెడ్డులో గ్రైండరు మోతకు పైగా అరిచాను. "డ్రమ్ము వెనక్కి నాన్నా! ఇంకొంచెం వెనక్కి!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. కొత్త ఇరుసుతో, చిన్న డ్రమ్ముతో తొమ్మిదో రోజు బండి చేనంతా దాటింది. గట్టు మీద ఇద్దరు తమకూ ఒకటి కావాలన్నారు.

ఇంట్లో మళ్లీ అన్నం, కూర, కరెంటు. డైరీని ఇప్పుడు భోజనాల బల్ల మీదే వదిలేస్తున్నాను. నాన్న కంచం పెట్టుకునేటప్పుడు తడి తగలకుండా దాన్ని జాగ్రత్తగా పక్కకు జరుపుతాడు. తెరవడు.