నాయన విప్పించిన గ్రహం

ఈ మధ్యాహ్నం నా గ్రహం పోయింది. పోగొట్టింది మా నాయన.

నేను గద్వాలలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. రెండు నెలలుగా తీరిక దొరికితే చాలు, శాస్త్రవేత్తలు టెలిస్కోపుతో కొలిచి అందరికీ విడుదల చేసిన నక్షత్రాల కాంతి గ్రాఫులు చూస్తున్నాను. నక్షత్రానికి బాగా దగ్గరగా తిరిగే పెద్ద వేడి గ్రహం దానికీ మనకూ మధ్య అడ్డొచ్చిన ప్రతిసారీ, ఆ నక్షత్రం కాంతి కాస్త తగ్గి గ్రాఫులో ఒక గుంట పడుతుంది. అలాంటి గుంటల వరుస ఒక నక్షత్రంలో దొరికింది. గ్రహం దొరికిందని ఇవాళ ఆ శాస్త్రవేత్తలకు రిపోర్టు పంపుదామని కూర్చున్నాను.

మగ్గం మీంచి లేచి అన్నానికొచ్చిన నాయన, కంచం చేతిలో పట్టుకుని స్క్రీన్ వైపు చూశాడు. చీర అంచులో ఒక్క పువ్వు తేడాపడ్డా పట్టేసే కళ్లు ఆయనవి.

"గివన్నీ ఒక్కతీరుగ లేవు బిడ్డా."

"ఒక్కతీరుగనే ఉన్నయి నాయినా. అన్నిటిని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిన గద!"

"అన్ని కలిపి పెడితె తేడా ఏడ తెలుస్తది? ఒకటి ఇడిసి ఒకటి పెట్టు."

పెట్టాను. ఒక గుంట లోతు, తర్వాతది పైపైన, మళ్లీ లోతు. ఒకే గ్రహమైతే ప్రతిసారీ గుంట లోతు ఒకేలా ఉండాలి. అంటే అది గ్రహం కాదు. ఒకదానికొకటి అడ్డొస్తూ తిరిగే, వెలుగులో తేడా ఉన్న రెండు నక్షత్రాలు.

నా మొహం చూసి, "తప్పు కనవడ్డంక ఇప్పి మళ్ల నేసుడే" అని అన్నం కలుపుకున్నాడు.

రిపోర్టు తీసేశాను. ఆయన మగ్గం ఎక్కాడు, నేను తర్వాతి నక్షత్రం తెరిచాను. మీ పనిని ఒక్క చూపుతో విప్పించేవాళ్లు మీ ఇంట్లో ఎవరు? నాకైతే ఈసారి గ్రహం దొరికితే ముందు నాయనకే చూపిస్తాను. ఆయన ఊ అన్నాకే లోకానికి.