దయ్యాల డాక్టరు, పటమట

చదువుకుని ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లున్నారు, చదువుకుని కళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నేను మాత్రం చదువుకుని, నడి శ్రావణమాసంలో, కళకళలాడుతున్న బట్టల కొట్టుకి తాళం వేయించాను. కొట్టు నాది కాదు, మేం అద్దెకున్న ఇంటివాళ్లది. అది ఎలా జరిగిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. నా దగ్గరున్న ఓపిక ఆ శ్రావణంలోనే అయిపోయింది.

ముందు నా చదువు సంగతి. కొన్ని వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఆడిన విషాద నాటకాల్లో దయ్యాలు, మంత్రగత్తెలు, జోస్యాలు, అపశకునాలు ఏం పని చేస్తాయన్నది నా పరిశోధన. యవ్వనమంతా దానికే ధారపోశాను. నా ఈడువాళ్లు స్థలాలు కొనుక్కుంటుంటే, నేను హత్యకు గురైన రాజులు ఏ అంకంలో తిరిగొస్తారో చూసుకుంటూ కూర్చున్నాను. చివరికి డాక్టరేటు వచ్చింది. దాని వెనకే ఇబ్రహీంపట్నంలో ఒక ఇంటర్ కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. ఇంజనీరింగు సీటు తప్ప ఇంకేమీ అక్కర్లేని పిల్లలకి ఇంగ్లీషు వ్యాకరణం చెప్పడం అక్కడ నా పని. నా పీరియడులో వాళ్లు ఫిజిక్సు లెక్కలు చేసుకునేవాళ్లు. నేను కిటికీలోంచి థర్మల్ స్టేషను పొగగొట్టాల వంక చూస్తూ పాఠం చెప్పుకునేవాణ్ణి. ఎవరికీ ఇబ్బంది లేదు. నా పరిశోధన గురించి మాత్రం ఒక్క ప్రాణి కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. డాక్టరేటు ఇచ్చినవాళ్లు కూడా అడిగింది ఫీజు కట్టిన రసీదే.

మేముండేది పటమటలో, ఒక మేడ మీద వాటాలో. కింద ఇంటివాళ్లు. తరాలుగా మగ్గాల మీద బతికి, తర్వాత వన్ టౌనులో చేనేత చీరల కొట్టు పెట్టుకున్న కుటుంబం. కొట్టు పెట్టిన పెద్దాయన ఆ ముందటి ఏడాదే పోయారు. పెద్ద కొడుకు మల్లికార్జునరావు, ఆయన భార్య ఇందిర, పెళ్లికాని తమ్ముడు రవి, పెద్దాయన భార్య భద్రమ్మగారు కింద ఉండేవారు. నెమ్మదైన మనుషులు. నేను వెళ్లేదాకా.

గేటు పక్కన నా పేరుతో బోర్డు పెట్టించింది మా ఆవిడ లలిత. "ఇన్నేళ్లు పడ్డ పాటుకి, పేరు ముందు ఆ డాక్టరన్న ముక్కైనా నలుగురికీ కనపడనివ్వండి" అంది.

ఒక సాయంత్రం ఇబ్రహీంపట్నం నుంచి బస్టాండు దాకా నిలబడి, బస్టాండు నుంచి పటమట దాకా ఇంకో బస్సులో వేలాడి, నీళ్లు పిండేసిన తుండులా గేటు దగ్గర దిగాను. ఇందిరగారు అక్కడే ఉన్నారు.

"మాస్టారూ, అడుగుదామనుకుంటున్నా. మీరు దేనికి డాక్టరండీ?"

"దయ్యాలకండీ" అన్నాను.

హాస్యం ఆడడానికి ఒంట్లో కొంచెం సత్తువ ఉండాలి. మొహంలో నవ్వు లేకుండా హాస్యమాడితే అది సమాచారం అయిపోతుంది. ఆవిడ నవ్వలేదు. వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మంచి మాట చెప్పారండీ. మా మామగారు కనిపిస్తున్నారు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆరేసిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్తుంటే, పెద్దాయన గది తలుపు ఓరగా తీసి ఉందట. లోపల చీకటి. ఆయన పడక కుర్చీలో, ఆయన శాలువా తల మీదుగా కప్పుకుని ఎవరో కూర్చున్నారట. కుర్చీ కిర్రుమందట. ఈవిడ బట్టలు అక్కడే వదిలేసి వచ్చేశారు.

"మీరు పొరబడ్డారేమోనండీ" అని పైకెక్కిపోవలసిన ఘట్టం అది. ఎక్కలేదు. ఎందుకంటే, అన్నేళ్లలో నా విషయం మీద ఒక మనిషి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఆవిడదే. ఎండాకాలం గొంతెండిన మనిషికి కుండ చూపించినట్టయింది.

ఆదివారం కింది హాల్లో కాఫీ, జంతికలు పెట్టి నన్ను కూర్చోబెట్టారు. అన్నదమ్ములిద్దరూ ఎదురుగా, ఇందిరగారు తలుపు పక్కన, భద్రమ్మగారు ఓ మూల చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. నేను మొదలుపెట్టాను. కాలేజీలో నన్నెప్పుడూ అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

"ఆ నాటకాల్లో దయ్యం ఊరికే రాదండీ. చెప్పాల్సిన మాట మిగిలిపోతేనే వస్తుంది. అన్యాయం జరిగినా, ఆస్తి పరుల చేతికి పోయినా, చేయాల్సిన పని చేయకుండా వదిలేసినా వస్తుంది."

మల్లికార్జునరావు ఒకసారి తమ్ముడి వంక చూశారు.

"అందరికీ కనిపిస్తుందాండీ?" అని రవి.

"అక్కర్లేదు. ఎవరితో పనుందో వాళ్లకే కనిపిస్తుంది. పక్కనే నిలబడ్డవాడికి కూడా కనపడకపోవచ్చు."

అది చెప్పకుండా ఉండాల్సింది. పక్కవాడికి కనపడనక్కర్లేని సాక్షి దొరికితే లోకంలో ఎవరు వదులుకుంటారు?

మర్నాడు పొద్దున్నే నేను గడ్డం గీసుకుంటుంటే రవి మెట్లెక్కి వచ్చాడు.

"నాన్నగారు నాకు కనిపించారండీ. బండి తీస్తుంటే గేటు దగ్గర."

"ఏమన్నారు?"

"కొట్లో రెడీమేడ్ సెక్షను పెట్టమన్నారు. బందరు రోడ్డులో ఇంకో షాపు చూడమన్నారు."

"ఆయనకి రెడీమేడ్ అంటే పడదని నిన్న హాల్లో మీరంతా చెప్పారుగా?"

"అదేనండీ. పోయాక తెలిసొచ్చింది ఆయనకి."

సాయంత్రం బస్సు దిగేసరికి మల్లికార్జునరావుగారు మెట్ల దగ్గర కాచుకుని ఉన్నారు. ఆయనకి పూజగదిలో దర్శనమైంది. మగ్గం చీర తప్ప ఇంకో నూలుపోగు కొట్లోకి రానివ్వద్దని నాన్నగారు గట్టిగా చెప్పారట.

"ఇంకేమైనా అన్నారా?"

"తమ్ముడి చేతికి తాళాలు ఇవ్వొద్దన్నారు" అన్నారు ఆయన, ఎంతో బాధగా.

ఆ తర్వాత ఇందిరగారు. పెద్దాయన వంటింట్లోకే వచ్చారు. బతికుండగా ఆ గడప తొక్కని మనిషి, పాపం వచ్చి, "ఈ పాత గట్టు తీయించి కొత్త రకం కిచెను పెట్టించుకో అమ్మా" అన్నారట.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. ఆ నాటకాల్లో దయ్యమైనా మంత్రగత్తెలైనా చెప్పేది ఒకటి, వినేవాడు తన మనసులో ఉన్నదే వింటాడు. కొంప మునిగేది అక్కడే. ఈ మాట మీద నా వ్యాసంలో ఒక అధ్యాయమంతా ఉంది. రాసింది నేనే. కింద కూర్చుని జంతికలు తింటున్నప్పుడు అది ఒక్కటే గుర్తు రాలేదు.

అన్నదమ్ములు ఒకరితో ఒకరు పోట్లాడుకుని, తీర్పు కోసం పైకి వచ్చేవారు. వ్యాకరణం చెప్పి, రెండు బస్సులు మారి వచ్చి, నేను వీళ్ల నాన్నగారి మాటల్లో ఏది ప్రామాణికమో తేల్చాలి. విసుగెత్తి, సర్దుబాటు చేద్దామని ఒకరోజు రవితో అన్నాను:

"చూడు రవీ, వచ్చింది మీ నాన్నగారే అని కూడా నమ్మకం లేదు. ఆ కాలంలో చాలామంది, చనిపోయినవాళ్లు తిరిగి రారు, వాళ్ల రూపంలో వచ్చేది సైతానే అనేవాళ్లు. అందుకని ఇద్దరూ ఈ మాటలు పక్కన పెట్టండి."

రవి శ్రద్ధగా తలూపాడు. కిందికి దిగాడు. కాసేపటికి కిందినుంచి మల్లికార్జునరావుగారి గొంతు వినపడింది.

"నా పూజగదిలోకి వచ్చింది సైతానా? మన నాన్నని సైతానంటావురా?"

"మన నాన్నని కాదు. నీకు కనిపించినాయన్ని. నాకు కనిపించింది నాన్నే. కావాలంటే మాస్టార్ని అడుగు."

మర్నాడు పొద్దున అన్న వెళ్లి కొట్టుకి తాళం వేశారు. తమ్ముడు వెళ్లి దాని పక్కనే ఇంకో తాళం వేశాడు. వరలక్ష్మీ వ్రతం ముందు వారం. చీరలకని ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆ తాళాలు చూసి పక్క కొట్లకి పోతున్నారని గుమాస్తా ఫోను చేశాడు. అన్నదమ్ములిద్దరూ ఆ మాట విన్నారు, ఇద్దరూ కదలలేదు. ఏడాదంతా తినేది ఆ నెల అమ్మకాల మీదే అని నాకు తెలుసు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

"మీ నాటకాల్లో ఇలాంటప్పుడు ఆఖరికి ఏమవుతుంది?" అని అడిగింది లలిత.

"అందరూ చచ్చిపోతారు."

ఆవిడ నా కంచం తీసేస్తూ, "ఆ మాట కింద చెప్పకండి" అంది.

ఆ ఆదివారం మళ్లీ కింది హాల్లోకి పిలుపొచ్చింది. ఈసారి జంతికలు లేవు. అన్నదమ్ములు చెరో గోడకి కుర్చీలు వేసుకున్నారు. భద్రమ్మగారు మాత్రం ఎప్పటి మూలలోనే ఉన్నారు. నేను వచ్చినప్పటి నుంచీ ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాటా అడగలేదు, నేను కూడా. ఆవిడే మొదలుపెట్టారు.

"బాబూ, చచ్చినాయన ఎవరితో పనుంటే వాళ్లకే కనపడతాడన్నావు."

"ఆ నాటకాల్లో అండీ."

"ఈయన పెళ్లయిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడింది రెండే ముక్కలు. పొద్దున్న 'కొట్టుకి పోతున్నా', సాయంత్రం 'అన్నం పెట్టు'. ఈ పిల్లలతో అదీ లేదు. అట్టాంటి మనిషి చచ్చాక గేటు దగ్గరా, పూజగదిలో, వంటింట్లో నిలబడి ఇన్నేసి మాటలు చెప్పాడా? వచ్చినాయన ఎవరో నాకు తెలీదు గానీ, మీ నాన్న మాత్రం కాదురా."

అన్నదమ్ములు తలలు దించుకున్నారు. ఇందిరగారే నీరసంగా అన్నారు, "మరి నేను కుర్చీలో చూశాను కదండీ అత్తయ్యా. మొదట చూసింది మాత్రం ఒట్టు."

"అది నేనే" అన్నారు భద్రమ్మగారు.

అందరం ఆవిడ వైపు తిరిగాం.

"ఆయన ఉన్నన్నాళ్లూ ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. నడుం వాల్చడానికి ఎంత సుఖంగా ఉంటుందో అని చూస్తూ ఉండేదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నం పూట పోయి కూర్చుంటున్నా. ఫ్యాను కింద చలేస్తే శాలువా కప్పుకుంటున్నా. మీరేమనుకుంటారోనని తలుపు ఓరగా వేసుకుంటున్నా."

ముందు రవి నవ్వాడు. తర్వాత మల్లికార్జునరావుగారు నవ్వబోయారు గానీ, మధ్యలో ఆ నవ్వు ఆగిపోయి కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికి లేచి, తమ్ముడి వంక చూడకుండానే, "తాళం తెచ్చుకో, పోదాం" అన్నారు. రవి పోతూ పోతూ ఆ పడక కుర్చీని గదిలోంచి మోసుకొచ్చి, గాలి బాగా ఆడే వరండాలో వేసి, "ఇక్కడ కూర్చోమ్మా" అన్నాడు. ఇందిరగారు దాని మీద ఒక దిండు పెట్టారు. కిచెను సంగతి ఇంకెవరూ ఎత్తలేదు.

గేటు దగ్గర మల్లికార్జునరావుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "మీ చదువు మంచిదే మాస్టారూ. కాస్త మేడ మీదే ఉంచుకోండి."

ఉంచుకున్నాను. కానీ కొన్నాళ్లకి భద్రమ్మగారే మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. "ఆ నాటకాల కథ ఒకటి చెప్పు బాబూ, కాలక్షేపానికి" అన్నారు. వద్దనుకుంటూనే, కథకేం నష్టంలే అని ఒకటి చెప్పాను. దయ్యం వచ్చింది, పగ రగిలింది, విషాలు కలిశాయి, కత్తులు దిగాయి, రాజూ రాణీ యువరాజూ మంత్రీ అందరూ వరసగా పోయారు. ఆవిడ చివరిదాకా కదలకుండా విన్నారు.

"పోయినవాళ్లలో వంటవాళ్లెవరైనా ఉన్నారా?"

"లేరండీ."

"మరి వాళ్లకెవరైనా చెప్పారా, ఆ పూట రాజుగారి కుటుంబానికి వండొద్దని?"

చెప్పలేదు. ఏ నాటకంలోనూ చెప్పలేదు. దయ్యాలు రాజులకి కబుర్లు మోశాయి గానీ, వంటింటికి ఒక్క కబురూ తేలేదు. నా వ్యాసం మళ్లీ తీసి మొదటినుంచి చివరిదాకా వెతికాను; వంటవాళ్ల సంగతి ఎక్కడా లేదు. నా చదువు మొత్తం మీద నాకు ఎదురైన అసలైన ప్రశ్న అదే.

అందుచేత, కృష్ణ కాలువ సాక్షిగా, రెండు బస్సుల సాక్షిగా, అలసిపోయిన ఈ శరీరం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అద్దెకున్న ఇంట్లో దయ్యాల గురించి నోరు విప్పను. కాఫీ ఇచ్చినా విప్పను, జంతికలు పెట్టినా విప్పను. మరీ గట్టిగా అడిగితే మంత్రగత్తెల గురించి కొంచెం చెబుతాను. అది వేరే అధ్యాయం.