తొలి అచ్చు

కార్తీక మాసపు ముసురు పట్టి వదిలాక, తిరుపతిలో గోడలు కూడా చెమ్మ కక్కే రోజుల్లో, మంచం కింది ట్రంకు పెట్టె బయటికి లాగి నాయన రికార్డులను వరండాలో గాలికి పెడతాను. ఎండలో పెట్టకూడదు, అప్పడాల్లా వంగిపోతాయి. మూత తీయగానే ముందు నాఫ్తలీన్ ఉండల ఘాటు, దాని వెనకే పాత అట్టల వాసన, ఎండిపోయిన జిగురు వాసన, అన్నిటికీ అడుగున, నిజంగానే ఉందో నేనే ఊహించుకుంటున్నానో చెప్పలేను గానీ, బొగ్గు పొగ వాసన. అది ముక్కుకు తగిలితే ఇక నేను తిరుపతిలో ఉండను. రేణిగుంట రైల్వే కాలనీలో, మోకాళ్ళ మీద మసి మరకలున్న చిన్నపిల్లనై నిలబడతాను.

మా నాయన పేరు మునిరత్నం. సత్యవేడు దగ్గర శనక్కాయలు పండించుకునే ఇంట పుట్టి, పొలం అన్నలకు వదిలి, రేణిగుంట షెడ్డులో ఇంజన్లు తుడిచే పనికి చేరి, ఆ తర్వాత బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా ఒళ్ళు కాల్చుకుని, నాకు ఊహ తెలిసేసరికి గూడ్సు బండ్ల డ్రైవరయ్యాడు. ఆయన డ్యూటీ దిగి వస్తుంటే పళ్ళు, కళ్ళు మాత్రమే తెల్లగా కనిపించేవి. అమ్మ పెరట్లో రాగి అండా నిండా నీళ్ళు కాచి ఉంచేది, ఆయన స్నానం చేశాక పారిన నల్లటి నీళ్ళు అరటి చెట్టు మొదట్లో ఇంకేవి. ఆ తర్వాత సంగటి ముద్ద, శనక్కాయలు నూరిన ఊరిబిండి, చింతాకు కాలమైతే చింతచిగురు పప్పు. మేం ఆడపిల్లలం షెడ్డు వెనక పారబోసిన చిట్టెం, కాలి గట్టిపడిన బొగ్గు గడ్డలు, ఏరుకొచ్చి అచ్చనగండ్లు ఆడేవాళ్ళం. గంగమ్మ జాతర వస్తే తిరుపతిలో పంబల చప్పుడుకు మా మేనమామ భుజాల మీద కూర్చుని, వేషాలు కట్టిన మగవాళ్ళను చూసి జడుసుకుని, అంబలి తాగి, మళ్ళీ సాయంత్రం బండికి ఇల్లు చేరేవాళ్ళం. వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకుంటే, షంటింగు చేసే ఇంజను ఊపిరి వింటూ నిద్రపోవడం మాకు జోలపాట లాంటిది.

కాలనీలో రెండు వీధుల అవతల, మంగుళూరు పెంకుల ఇంట్లో లియో ఉండేవాడు. ఆంగ్లో ఇండియన్, గూడ్సు గార్డు. నాయన బండికి ముందు కూర్చుంటే ఆయన చిట్టచివరి పెట్టెలో కూర్చునేవాడు. ఆ బండి పొడుగునా ఒకరికొకరు జెండాలు ఊపుకుంటూ, ఈలలు వేసుకుంటూ బతికిన మనుషులు వాళ్ళు. లియో తెలుగులో సగం అరవం ఉండేది. క్రిస్మస్‌కు వాళ్ళావిడ అచ్చును పిండిలో ముంచి వేయించిన గులాబీ పువ్వుల్లాంటి తీపి పిండివంట, ఎండుద్రాక్షల కేకు పళ్ళెంలో పెట్టి, మీద లేసు గుడ్డ కప్పి పంపేది. పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదని అమ్మ అందులో బొరుగుల ఉండలు పెట్టి ఇచ్చేది.

వాళ్ళిద్దర్నీ కలిపింది జాజ్ పాటలు. నాయన షెడ్డులో కొత్తగా చేరినప్పుడు, రైల్వే ఇన్‌స్టిట్యూటులో దొరల డ్యాన్సు జరుగుతుంటే కిటికీ బయట నిలబడి ట్రంపెట్టు విన్నాడట. "మన మేళగాళ్ళు నాదస్వరం వాయించినట్టే ఉండాదే, కాకపోతే దారి తప్పి మళ్ళా ఇంటికొచ్చినట్టు ఉండాది" అన్నాడట. ఆ మాట విని లోపల్నుంచి నవ్వుతూ బయటికి వచ్చిన కుర్రాడే లియో.

లియో అన్న ఓడల్లో వంటవాడు. అమెరికా రేవుల్లో రికార్డులు కొని, ఓడ మద్రాసుకు వచ్చినప్పుడు తమ్ముడికి ఇచ్చేవాడు. అవే రికార్డులు మన దేశంలో అచ్చయినవి మద్రాసు మూర్ మార్కెట్టులో పాత సామాన్ల మధ్య దొరికేవి. లియోకు రెండు రకాలూ కొనే పిచ్చి. ఒకే పాట రెండు అచ్చుల్లో ఎలా మారిందో పోల్చి చూడటం ఆయనకు వేరే వాళ్ళకు పేకాట ఎలాగో అలాగ. తొలి అచ్చును ఎలా గుర్తు పట్టాలో నాయనకు నేర్పాడు, వాళ్ళ మధ్య బాసింపట్లు వేసుకుని కూర్చున్న నాకూ తెలిసిపోయింది. తొలి అచ్చు చేతిలో బరువుగా ఉంటుంది. మధ్యనున్న కాగితం బిళ్ళ చుట్టూ గోరు ఆనిస్తే దిగేంత లోతు గాడి ఉంటుంది. పాట అయిపోయాక మిగిలే నున్నటి నల్లటి అంచులో, వెలుగుకు వంచి చూస్తే, ఎవరో సూదితో గీసిన చేతిరాత కనిపిస్తుంది. ఇక్కడి అచ్చులో ఆ చోట మిషను కొట్టిన నంబర్లు వరసగా ఉంటాయి. అట్ట కూడా పలచన.

"కంటితో చూసి ఎవడైనా చెప్తాడు మునీ, చెవితో చెప్పాల" అనేవాడు లియో. అందుకే వాళ్ళు ఆట పెట్టుకున్నారు. నాయన గోడ వైపు తిరిగి కూర్చోవాలి, లియో ఏదో ఒకటి పెడతాడు, నాయన చెప్పాలి. ఒక రికార్డులో ట్రంపెట్టు మొదలయ్యే ముందు వాయించే మనిషి గాలి పీల్చుకున్న చప్పుడు ఉండేది. తొలి అచ్చులో అది పక్కనే ఎవరో ఉన్నట్టు వినపడేది. మన అచ్చులో ఆ ఊపిరి మాయమైపోయేది. నాయన ఎప్పుడూ తప్పేవాడు కాదు. సరిగ్గా చెప్పినప్పుడల్లా వెనక్కి తిరిగి నా వైపు చూసి మీసంలో నవ్వేవాడు.

ఆ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. ఆట పెడదామంటే నాయన ఈ రోజు వద్దులే అనేవాడు. రికార్డు చేతికి తీసుకుని, అంచు తడిమి, వెలుగుకు వంచి, "పెట్టాల్సిన పన్లేదప్పా, ఇది ఒరిజినలే" అనేవాడు. ఇంట్లో గొంతు పెంచి మాట్లాడటం ఇంజను మనుషుల అలవాటే అనుకున్నాం. అమ్మ ఆయనతో ఏం చెప్పాలన్నా వంటింట్లోంచి కేకవేయడం మానేసి, చేతులు తుడుచుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. అదీ భర్త పట్ల మర్యాదే అనుకున్నాను.

వేసవి మొదట్లో వడమాలపేట దగ్గర పట్టాల కింద చెక్కలు మారుస్తున్నారు. అలాంటప్పుడు ముందుగా ఎర్రజెండా పాతి, అది కనిపించకపోయినా డ్రైవరుకు తెలిసేలా పట్టా మీద టపాసులు బిగిస్తారు. చక్రం ఎక్కగానే అవి పేలాలి, డ్రైవరు బండి ఆపాలి. ఆ రోజు నాయన గూడ్సు మలుపు తిరుగుతుంటే పొగ అడ్డం పడి జెండా కనపడలేదు. టపాసులు పేలాయి. ఫైర్‌మన్ బొగ్గు తోస్తూ, డ్రైవరు విన్నాడులే అనుకున్నాడు. బండి ఆగలేదు. చివరి పెట్టెలో ఉన్న లియో ఆ చప్పుడు విని, వేగం తగ్గకపోవడం చూసి, తన చేతికింది బ్రేకు లాగాడు. ఇంజను పని జరిగే చోటుదాకా వచ్చి ఆగింది. గ్యాంగుమన్లు కట్ట మీంచి కిందికి దూకారు. ఒకతని కాలు విరిగింది.

విచారణలో నేరం పొగ మీదికి పోయింది. నాయనను జాగ్రత్తగా ఉండమని చెప్పి వదిలేశారు. అందరూ గండం గడిచిందన్నారు. అమ్మ తిరుచానూరు వెళ్ళి అమ్మవారికి చీర పెట్టి వచ్చింది. లియో మాత్రం మా ఇంటికి రావడం తగ్గించాడు.

తర్వాత ఒక ఆదివారం పగలు ఆయనే మమ్మల్ని తన ఇంటికి పిలిపించాడు. అమ్మ ఎప్పుడూ వచ్చేది కాదు, ఆ రోజెందుకో అలసందల గుగ్గిళ్ళ గిన్నె పట్టుకుని మా వెంట వచ్చింది.

"చాన్నాళ్ళాయె మునీ. మన ఆట ఆడదాం రా" అన్నాడు లియో. నాయన వద్దనలేకపోయాడు. కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

లియో మన దేశపు అచ్చు పెట్టాడు. వాకిట్లో నిలబడ్డ నాకే తెలిసింది, ఆ ఊపిరి లేదు. నాయన కాసేపు ఆగి, "ఒరిజినలు" అన్నాడు. లియో తప్పనలేదు, ఒప్పనలేదు. రికార్డు మార్చినట్టు అట్ట చప్పుడు చేసి, మళ్ళీ దాన్నే పెట్టాడు. "ఇప్పుడిది మన దేశంది" అన్నాడు నాయన. మూడోసారి లియో ముల్లు ఆనించి, పాట కొంత నడిచాక, మెల్లగా పైకెత్తేశాడు. గదిలో ఏ చప్పుడూ లేదు. ఎక్కడో షెడ్డులో ఇంజను కూసింది. నాయన వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాయి, తల నిదానంగా ఊగుతూనే ఉంది. లియో ముల్లున్న కొక్కెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడి అమ్మ వైపు చూశాడు. అమ్మ చేతిలోని గిన్నె వైపు చూసుకుంది.

"ఇది ఒరిజినలే లియో, అనుమానమే లేదు" అన్నాడు నాయన, గోడతో.

లియో వెళ్ళి ఆయన ముందర గొంతుక్కూర్చుని, పెదాలు కనపడేలా నిదానంగా చెప్పాడు. "మునీ, నీకు యినపడటం లే."

నాయన వెనక్కి తిరిగి, ముల్లు ఎత్తేసి ఉన్న పాటల పెట్టెను చూశాడు, తర్వాత అమ్మను చూశాడు.

"ఎన్నాళ్ళాయెమ్మా?" అని లియో అడిగితే, "శానా దినాలే అయింది" అంది అమ్మ. ఆమెకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

"నువ్వే పోయి డాక్టరుకు సెప్పు మునీ. నువ్వు సెప్పకుంటే నేను సెప్పాల్సొస్తాది."

"ఇంజను నాకు కాళ్ళల్లో తెలస్తాది లియో. సెవులెందుకు?"

"ఇంజను తెలస్తాది. టపాసు తెలీలేదు గదప్పా. నేను ఆ మనిషి కాలు సూసినా."

మేం ఇంటికి వచ్చేశాం. గుగ్గిళ్ళ గిన్నె అమ్మ చేతిలోనే ఉండిపోయింది. నాయన డాక్టరు దగ్గరికి పోలేదు. పోదామనే అనుకున్నాడని, ప్రతి ఉదయం ఇంజను ఎక్కగానే మనసు మారేదని చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నాడు. లియో కొన్నాళ్ళు ఎదురు చూసి, షెడ్డు ఫోర్‌మన్‌కు చెప్పేశాడు. నాయనను పరీక్షకు పిలిచారు, తేల్చారు, ఇంజను మీంచి దించారు. షెడ్డు స్టోరులో నూనె డబ్బాలు, తుడిచే నూలు పోగులు అందించే బల్ల వెనక కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఇంటికి తెల్లటి బట్టలతోనే తిరిగి వచ్చేవాడు. అరటి చెట్టు మొదట్లో నల్లనీళ్ళు పారడం ఆగిపోయింది. అమ్మ అండా కింద పొయ్యి వెలిగించడం మాత్రం చాలా రోజులు మానలేకపోయింది.

ఆ క్రిస్మస్‌కు వచ్చిన పళ్ళెం మీద గుడ్డ కూడా తీయకుండా అమ్మ తిప్పి పంపింది. ఆ వారంలోనే నన్ను వెంటబెట్టుకుని వడమాలపేట వెళ్ళి, కాలు విరిగిన గ్యాంగుమన్ గుడిసెలో రాగిపిండి, శనక్కాయలు దించి వచ్చింది. ఎందుకు తెచ్చిందో వాళ్ళకు చెప్పలేదు. ఆ మనిషి సరిగ్గా అతుక్కోని కాలు చాపుకుని, మా ఇద్దరికీ కూర్చోను గోనెపట్ట చూపించాడు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో అమ్మ కిటికీ బయటికి చూస్తూ అంది: "ఆ గార్డప్ప సేసింది తప్పు కాదు పాపా. అయినా నేను మరిసిపోను."

కొన్నేళ్ళకు లియో కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు ఆయన కూలీ చేత ట్రంకు పెట్టె మోయించుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నాయన కిటికీలోంచి చూసి పెరట్లోకి పోయాడు. అమ్మ లోపలికి రమ్మనలేదు. లియో కాసేపు అరుగు కింద నిలబడి, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు. పెట్టెను మంచం కిందికి తోసేశారు. దాని మీద చేటలు, పాత పరుపు చుట్టలు చేరాయి.

నాయన రిటైరై మేం తిరుపతికి మారేటప్పుడు అది మళ్ళీ బయటికి వచ్చింది. అప్పటికి ఆయనకు బొత్తిగా వినపడేది కాదు. ఏమనుకున్నాడో, మధ్యాహ్నం కిటికీ పక్కన చాప వేసుకుని పెట్టె తెరిచాడు. పైనున్న రికార్డు తీసి, బరువు చూసి, బిళ్ళ చుట్టూ గోరు ఆనించాడు. అంచును వెలుగుకు వంచాడు. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. ఆ తర్వాత ఇంకోటి. చేతులు తొందరపడటం మొదలుపెట్టాయి. "జయా, ఈడ సూడు, నా కండ్లు మోసం సేస్తాండాయేమో" అని పిలిచాడు. నేను చూశాను. అన్నిట్లోనూ సూదితో గీసిన చేతిరాతే. లియో దగ్గర రెండేసి ఉన్న రికార్డుల్లో కూడా, ఇక్కడి అచ్చు ఒక్కటి కూడా పెట్టెలో లేదు. అవన్నీ తను సముద్రం దాటించుకుపోయి, ఓడల్లో వంట చేసే అన్న తెచ్చిచ్చినవన్నీ మా ఇంట్లో వదిలిపోయాడు.

"పిచ్చోడు" అన్నాడు నాయన. "నాకు యినపడదని నా మొగానే సెప్పింది వాడొక్కడే. తెలిసీ మంచివన్నీ నాకిచ్చి పోయినాడు." భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ గడపలో నిలబడి చూసి, వంటింట్లోకి పోయింది.

మర్నాడే నన్ను తోడు తీసుకుని రేణిగుంట చర్చికి వెళ్ళాడు, అడ్రసు కోసం. పాత కుటుంబాల్లో మిగిలిన ఒక ముసలావిడ, ఆస్ట్రేలియాలో వాళ్ళు ఊరు మారారనీ, ఏ ఊరో తెలియదనీ చెప్పింది. నాయన నా ముఖం వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఎండలో అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన నోట లియో పేరు ఆగలేదు. పాలవాడు వచ్చినా, కరెంటు మనిషి వచ్చినా, చెవిటివాళ్ళకుండే పెద్ద గొంతుతో "మా లియో అని ఒక గార్డుండె" అని మొదలుపెట్టేవాడు. వీధి మొత్తానికి వినపడేది.

ఇప్పుడు రేణిగుంటలో బొగ్గు ఇంజన్లు లేవు, చిట్టెం గుట్టలు లేవు, ఇన్‌స్టిట్యూటు కిటికీ లేదు, మంగుళూరు పెంకుల ఇళ్ళున్న వీధిలో మోటారు సైకిళ్ళు నిలుపుతున్నారు. కరెంటు బండ్లు చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోతాయి. రికార్డులు గాలికి పెట్టిన రోజున అమ్మ వరండాలోకి రాదు. తొంభైకి దగ్గరపడిన మనిషి, గోడ పట్టుకుని అవతలి గదిలోంచి పెరట్లోకి వెళ్తుంది. లియో పేరు పలికేవాళ్ళం ఈ ఇంట్లో ఇక నేనొక్కదాన్నే, అమ్మకు వినపడేలా నేనూ పలకను.