సందెవేళ యుమ్మా కాలిగోళ్ళు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటి డ్రైవరు. నిజామాబాదు వైపు అతను. బహ్రెయిన్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఇంటికి ఫోన్ చేస్తే "దుబాయిల ఉన్న" అనే అంటాడు. ఆ రోజు కూరగాయల సంచులు వంటింటి గట్టు మీద పెట్టి గొంతు తగ్గించాడు.

"అక్కా, యుమ్మాను మక్కాకు తోల్కపోరంట."

"ఎవరన్నారు?"

"కొడుకులే. కారుల మాట్లాడుకున్నరు. కాళ్ళకు బూట్లు ఎక్కయి, నాలుగడుగులు నడవది, బస్సు ఎక్కుడు దిగుడు ఎట్ల అంటుండ్రు."

నా చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది.

యుమ్మా అంటే ముహర్రక్ ఊళ్ళో నేను పనిచేసే ఇంటి పెద్దావిడ. ఆ మాటకు వాళ్ళ భాషలో అమ్మ అని అర్థం. కొడుకులూ కోడళ్ళే కాదు, పనివాళ్ళం మేమూ ఆమెను అలాగే పిలుస్తాం. ఇంటిల్లిపాదీ సముద్రం మీది వంతెన దాటి బస్సులో మక్కాకు ఉమ్రా యాత్ర వెళ్ళాలనుకున్నారు. యుమ్మా తన సంచి ఎప్పుడో సర్దేసుకుంది. "ఈసారి వెళ్ళకపోతే నాకిక వెళ్ళడం ఉండదు" అనేది నాతో. ఏడుస్తూ కాదు, డబ్బాలో బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా.

ఆమె నడవలేకపోయేది కాళ్ళలో సత్తువ లేక కాదు. గోళ్ళ వల్ల. వయసుతోపాటు బొటనవేళ్ళ గోళ్ళు ఆల్చిప్పల్లా మందమెక్కి, పచ్చబడి, పక్కకి ఒరిగిపోయాయి. బూటు తొడిగితే గోరు వేలిని నొక్కేది. గోరింటాకు పెట్టించుకుని, పైన మేజోళ్ళు వేసుకుని దాచుకునేది. ఒకసారి కోడలు హూరాలో బ్యూటీ పార్లరుకు తీసుకెళితే అక్కడి పిల్ల చూసి వెనక్కి జరిగిందట. ఆనాటినుంచీ ఎవరికీ పాదం చూపించలేదు.

మధ్యాహ్నం టీ ఇస్తూ అడిగాను. "యుమ్మా, నేను తీయనా?"

"పోవే. ఇవి చూశావంటే నీకు అన్నం సహించదు."

"మా నాయనమ్మవి ఇంతకన్నా మందం. అవి తీసిన రోజున కూడా రెండోసారి అడిగి పెట్టించుకున్నాను."

"అందుకేనా ఇలా ఉన్నావు!" అని నా నడుము చూసి నవ్వింది. యుమ్మా నవ్విందంటే ఒప్పుకున్నట్టే.

ముందు సల్మానియా ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాం. అక్కడి నర్సమ్మ ఓపికగా చూసింది. షుగరు లేదు, పాదాలకు రక్తం బాగానే అందుతోంది, ఇంట్లో చేసుకోవచ్చంది. షుగరుంటే మాత్రం ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదని గట్టిగా చెప్పింది. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నాననిచ్చి, పైపొరను ఆకురాయితో పలచన చేసి, గోరును అడ్డంగా కొంచెం కొంచెమే తీయాలట. మూలలు తవ్వకూడదు. వేళ్ళ సందుల్లో తడి ఉంచకూడదు. ఒక్కరోజులో అయ్యే పని కాదు, తొందరపడొద్దు అంది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

అంతా కుదిరిందనుకుంటే రోజు కుదరలేదు.

యుమ్మాకు గోళ్ళు తీసుకోవడమంటే శుక్రవారమే. అది వాళ్ళకు పుణ్యం. నాకేమో శుక్రవారం గోరు తీయడమంటే ఇంట్లోని లక్ష్మిని చేయి పట్టుకుని గుమ్మం దాటించడమే. మా నాయనమ్మ ఆ రోజున కత్తెర కూడా కంటికి కనబడనిచ్చేది కాదు. ఆదివారం తీస్తానంటే ఆమె పాదం వెనక్కి లాక్కుంది. శుక్రవారం అని ఆమె అంటే నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. బస్సు రోజుకు ఇక కొన్ని వారాలే ఉన్నాయి. ఇద్దరు మొండి ఆడవాళ్ళం, మధ్యలో నాలుగు నీళ్ళ చుక్కలు పడని బేసిను.

"నీ దేవతకి నా గోళ్ళతో ఏం పని?" అంది విసుగ్గా.

"ఇల్లు మీదైనా, కత్తెర నా చేతిలో ఉంటుంది కదా యుమ్మా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. కిటికీ బయట ఎండ పండి గోడల మీద నారింజ రంగు పడింది. అది గురువారం. "మీకు రోజు ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగింది.

"తెల్లారితే."

"మాకు పొద్దు గుంకితే." ఆమె కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా మెరిశాయి. "ఇంకాసేపట్లో మసీదులో నమాజుకు పిలిచే బాంగు వినిపిస్తుంది. అప్పుడు నాకు శుక్రవారం వచ్చేస్తుంది. నీకు ఇంకా గురువారమే. యల్లా, నీళ్ళు పెట్టు!"

నాకు ఇంకొక్క చిక్కు ఉంది. దీపాలు పెట్టాక గోళ్ళు తీయం. అందుకని ఆ సాయంత్రం నా గదిలో, అలమారలోని అమ్మవారి ముందు దీపం వెలిగించకుండా ఆపాను. తల్లీ, కాస్త ఆగు, నీలాంటి ఒకావిడ పని మీదున్నాను అని చెప్పుకున్నాను. ఆమె కోపగించుకోలేదనే నా నమ్మకం.

యుమ్మా కుర్చీలోనే నమాజు చేసుకుంది. తర్వాత కిటికీ పక్కన కూర్చోబెట్టి, పాదాలు బేసినులో పెట్టాను. పెద్ద లైటు వేయలేదు. ఆకాశం ఇచ్చే వెలుగు, పక్కన చిన్న బల్బు. ఆ వెలుగులో గది గదిలా లేదు. నీళ్ళ అడుగున కూర్చున్నట్టుంది. దూరంగా విమానం దిగుతున్న మోత అలలా వచ్చి పోయింది. పాదం తుడిచి ఒళ్ళోకి తీసుకుని ఆకురాయితో మెల్లగా రుద్దుతుంటే తెల్లటి పొడి నా చీర మీద రాలింది. మెత్తని పిండిలా.

యుమ్మా కళ్ళు మూసుకుని ఏదో లోకంలోకి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడట. పడవ వచ్చేవేళ ఆడవాళ్ళంతా ఒడ్డున నిలబడి పాడేవాళ్ళట. పాట కొంచెం కూనిరాగం తీసింది. మాటలు నాకు పూర్తిగా అర్థం కాలేదు. వింటూ వింటూ ఒళ్ళో ఉన్నది ఎవరి పాదమో మరిచిపోయాను. నాయనమ్మదే అనిపించింది. గుళ్ళో స్వామి పాదాలు ఎప్పుడూ దూరం నుంచే చూశాను. ఈ పాదాలు చేతికందాయి. నాకు ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

చివరి అంచు కొంచెం గట్టిగా ఉంది. కత్తెర వేయగానే ముక్క టప్పున ఎగిరి నా కళ్ళద్దాలకు తగిలింది.

"చూశావా, నా గోరుకే నీమీద కోపం!" అంది కళ్ళు తెరవకుండానే.

ఏరిన ముక్కలు కాగితంలో చుట్టి, నిమ్మచెట్టు మొదట్లో పూడ్చాను. గోళ్ళు ఇంట్లో ఉండకూడదనే సంగతిలో మాకిద్దరికీ పేచీ లేదు. ఆ తర్వాత చేతులు కడుక్కుని, ఆలస్యంగా దీపం పెట్టాను.

అలా వచ్చే ప్రతి గురువారం సందెకూ కొంచెం కొంచెం తీస్తూ పోయాం. గోరు పలచబడింది, ఒరిగినది సర్దుకుంది. ఒక ఉదయం యుమ్మా మనవరాలి మెత్తటి బూట్లు తెప్పించి, తొడిగించుకుని, పెద్దకొడుకును పిలిచింది. "సందు చివర మసీదు దాకా నాతో నడువు. నేను ఆగితే నన్ను వదిలేసి వెళ్ళండి."

ఆయన వెంట నడిచాడు. నేను గుమ్మంలో నిలబడి మనసులో ఎవరెవరికి మొక్కానో ఆ దేవుళ్ళకే తెలుసు. తిరిగొచ్చేటప్పుడు ఆమె ముందు, ఆయన వెనక. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "అమ్మ సంచి బస్సులో ముందు పెట్టండి" అన్నాడు ఎవరితోనో.

వెళ్ళే రోజున బస్సు మెట్టు ఎక్కబోయి ఆగింది. "బింతీ, అక్కడ నీకోసం ఏం అడగమంటావు?" అంది. బింతీ అంటే నా కూతురా అని.

"ఏం వద్దు యుమ్మా, అన్నీ ఉన్నాయి."

"పిచ్చిదానా, అన్నీ ఉన్నవాళ్ళు కూడా అడగాలి" అని నా తల మీద చెయ్యిపెట్టి, ఎవరూ పట్టుకోకుండానే మెట్టెక్కింది.

అక్కడ నా పేరు చెప్పి దేవుణ్ణి వేడుకుంటూ దువా చేసిందని తిరిగొచ్చాక మనవరాలు చెప్పింది. నేను ఎన్నడూ చూడని చోట నా పేరు పలికిన మనిషి ఆమె. ఇది చదివే మీరు ఏ దేవుడికి మొక్కేవారైనా సరే, మొక్కేటప్పుడు ఒక్కసారి మా యుమ్మాను తలుచుకోండి.