దీవి ప్రయాణానికి ముందు గోదావరి

కొచ్చి దగ్గర ఒక చిన్న దీవిలో రెండు రోజులు ఉందామన్న ఆలోచన మా అక్కది. డచ్చివాళ్ళు ఎప్పుడో కట్టిన మేడ ఒకటి అక్కడ ఉంది. ఇప్పుడు అందులో గదులు అద్దెకిస్తున్నారు. అంగన్‌వాడీ ఉద్యోగం నుంచి రిటైరైన వారానికే అక్క ఫోన్‌లో ఆ మేడ ఫోటో చూపించి, "పొద్దున లేచి చూస్తే చుట్టూ నీళ్ళేనట చెల్లే, పోదామా?" అంది. మా ఇంట్లో నీళ్ళంటే అందరికన్నా భయపడేది ఆమే.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు, భద్రాచలం దిగువనున్న అక్కవాళ్ళ ఊరు మునిగింది. డాబా మీదికి చేరిన వాళ్ళను పడవలోకి ఎక్కిస్తున్నారు. అక్క పిట్టగోడ దాటి కాలు పెట్టేసరికి పడవ పక్కకు జరిగింది. ఆమె గోడకూ పడవకూ మధ్య జారిపోయింది. ఎవరో జుట్టు పట్టి పైకి లాగారు. ఆ తర్వాత ఆమె నది ఒడ్డుకే పోలేదు.

ఆ దీవికి వంతెన ఉందనీ, కారులో పోవచ్చనీ చెప్పాను.

"కారుల పోతే ఇంకో ఊరికి పోయినట్లే గద. పడవల పోలేకుంటే నాకా దీవే వద్దు. ముందు గోదాట్ల ఎక్కి చూస్తా. ఎక్కగలిగితేనే బుక్ చెయ్," అంది. బావకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

నేను పనిచేసే స్కూలు అశ్వారావుపేటలో. ఒక ఆదివారం బస్సెక్కి భద్రాచలం వెళ్ళి రేవు దగ్గర అక్కను కలిశాను. నది మధ్యలో ఇసుక మేట వేసి ఉంది. అక్కడిదాకా తీసుకుపోయి తెచ్చే చిన్న పడవ మాట్లాడాం. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి పడవ అతను పట్టుకుంటే అక్క కళ్ళు మూసుకుని ఎక్కింది. దారి పొడుగునా ఆమె గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

ఇసుక మీద దిగాక కాస్త నవ్వింది కూడా. అటూ ఇటూ నడిచాం. తిరిగి పడవ దగ్గరికి వచ్చాక ఆగిపోయింది. పడవ నీళ్ళ మీద మెల్లగా ఊగుతోంది. దానికీ ఇసుకకూ మధ్య మూరెడు నీళ్ళు.

"నా వల్ల కాదు," అని అక్కడే కూలబడింది.

"గట్లంటే ఎట్లక్కా? ఇంకో దారి లేదు గద!"

"నువ్వు పో. నేనీడనే ఉంట."

బతిమాలాను. కసిరాను. ఎండ తగ్గుతోంది. మిగతా పడవలన్నీ ఒడ్డుకు వెళ్ళిపోయాయి. "అమ్మా, గాలి లేస్తోంది, జల్దీ పోవాలె," అన్నాడు పడవ అతను. బలవంతంగా ఎత్తి కూర్చోబెడితే మధ్యలో లేచి నిలబడుతుందేమోనని ఆ పని చేయలేదు. బావకు ఫోన్ చేద్దామని తీశాను. అక్క నా చేతిలోంచి లాక్కుంది. చాలాసేపు ఆ సందులోని నీళ్ళనే చూసింది.

"తమ్ముడూ, పడవను ఇసుక మీదికి గుంజుతవా?" అని అడిగింది చివరికి. "నేను ముందు కూసుంట. నేను చెప్పినంక నీళ్ళల్లకు తొయ్యండ్రి."

ఇద్దరం కలిసి లాగాం. పొడి ఇసుక మీదున్న పడవలోకి అక్క తనంతట తాను ఎక్కింది. రెండు చేతులతో అంచులు పట్టుకుంది. మేము ఎదురుచూస్తూ నిలబడ్డాం.

"ఆఁ, ఇగ తొయ్యండ్రి," అంది.

పడవ కదలగానే గట్టిగా కేక పెట్టింది. లేవలేదు మాత్రం. మేమూ ఎక్కి కూర్చున్నాం. ఒడ్డు చేరాక మెట్ల మీద వాంతి చేసుకుంది. నీళ్ళ సీసా ఇచ్చాను. నోరు పుక్కిలించి, "నీళ్ళ దిక్కు కిటికీ ఉన్న గది చూడు," అంది.

బస్టాండులో కూర్చుని ఫోన్‌లోనే గది తీసుకున్నాను. జనవరిలో ప్రయాణం. అక్కడ పడవను ఇసుక మీదికి లాగే వీలుంటుందో లేదో నాకు తెలియదు. ఫోన్ చేసి కనుక్కుంటానన్నాను.

"అడగకు," అంది అక్క. "ముందే తెలిస్తే నేను రాను."