పురుడు వెళ్ళాక వేసిన చుక్కలు

ఆస్పత్రిలో పనిచేసినన్నాళ్ళూ నాకు అక్షరాలు రావు. పని మానుకున్నాక మా చర్చి బడి పంతులమ్మగారి దగ్గర పలక పట్టాను. అందుకే అప్పటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

1893 వేసవిలో నన్ను పాలకొల్లు వైపు ఒక చిన్న మిషను ఆస్పత్రికి పంపారు. అక్కడ డాక్టరమ్మగారు పైన, ఆవిడ కింద కాంపౌండరు, ఆ కింద డ్రెస్సరుగా నేను. కళ్ళు కడగడం, కట్లు కట్టడం నా పని. అంతకుముందే కళ్ళకు కొత్త మందు వచ్చింది. పుట్టిన బిడ్డ కళ్ళు కాచి చల్లార్చిన నీళ్ళతో తుడిచి, రెప్పలు విప్పి, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేయాలి. కాస్టిక్ చుక్కలనేవాళ్ళం. వెలుతురు తగిలితే పాడవుతాయని నల్ల సీసాలో ఉంచేవారు. పుట్టిన గంటలోపే వేయాలి. ఆలస్యమైతే కళ్ళు చీము పట్టి, నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేస్తుంది. అది మళ్ళీ పోదు.

చుట్టుపక్కల మంత్రసానులను పిలిచి ఈ వైద్యం నేర్పే పని డాక్టరమ్మగారు నాకు అప్పగించారు. అప్పటిదాకా వాళ్ళు చనుబాలు పిండేవారు, నందివర్ధనం పువ్వులు పెట్టేవారు. అందరిలో పెద్దది అచ్చమ్మ.

"నా చేతుల మీద పుట్టినోళ్ళంతా గుడ్డోళ్ళేంటండి? దూరాన్నించి నన్ను చూసి దారి మార్చేస్తన్నారు, కళ్ళు లేకపోతే ఎలా కనిపెడతన్నారంటారు?" అంది. అందరూ నవ్వారు. అయినా శ్రద్ధగా నేర్చుకుంది. పాఠం కోసం తెచ్చిన గొర్రెపిల్ల రెప్ప విప్పి చూపించమంటే అందరికన్నా మెత్తగా విప్పింది ఆవిడే. వెళ్ళేటప్పుడు ఒక సీసా చేతిలో పెట్టాను.

కాలువలు కట్టేసిన రోజులవి, పడవలు లేవు. ఒక మధ్యాహ్నం, అచ్చమ్మ పురుడు పోసిన శెట్టిగారింటి నుంచి ఎడ్లబండిలో బాలింతనూ పసివాణ్ణీ తెచ్చారు. వెంట శెట్టిగారి తల్లి మంగమ్మగారు, అచ్చమ్మ ఉన్నారు. డాక్టరమ్మగారు రెప్పలు విప్పి చూశారు. రెండు కళ్ళకూ పువ్వు. ఒక గుడ్డు అప్పటికే కుంగిపోయింది. ఆవిడ దీపం తెప్పించి మరోసారి చూసి, చేయగలిగింది లేదని చెప్పారు.

"మీరు చెప్పినట్టే చేశానండి," అంది అచ్చమ్మ. "చేతులు కడుక్కున్నాను. కాచిన నీళ్ళే వాడాను. ఒక్కో చుక్కే వేశాను."

ఎప్పుడు వేశావని అడిగాను.

"నిన్న, పదకొండో రోజున పురుడు వెళ్ళాకండి. మైలలో మందు గదిలోకి రాకూడదన్నారు పెద్దమ్మగారు. సీసా వసారా గూట్లోనే ఉందండి."

మూడో రోజు నుంచే కళ్ళు ఎర్రబడ్డాయట. నందివర్ధనం పువ్వులు పెట్టారట. ఎవరూ చూడకుండా వేయలేకపోయావా అన్నాను.

"ఆరి నీడన బతికేదాన్నండి. తెలిస్తే ఇంకో పురిటికి పిలుస్తారా?"

మంగమ్మగారు మా మాటలు విన్నారు. "మందులో బలం లేకపోతే దాన్ననడమెందుకు?" అన్నారు. బాలింత మాత్రం డాక్టరమ్మగారి చెంగు పట్టుకుని, "వెలుతురైనా తెలుస్తుందాండీ?" అని అడిగింది.

నేను నేర్పినదాంట్లో తప్పు లేదు, అచ్చమ్మ చేతిలోనూ తప్పు లేదు. మందు గదిలోకి వెళ్ళాలో వద్దో చెప్పే మనిషికి మాత్రం ఎవరూ నేర్పలేదు. పురిటింట్లో వైద్యం మంత్రసానికి తెలిస్తే చాలదు. అత్తగారు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుదల ఆస్పత్రి చేతిలో లేదు. తరవాత నేను పనిచేసిన ఏళ్ళలోనూ అది పెద్దగా మారలేదు.

మర్నాడు పొద్దున మంత్రసానుల పాఠం మానేసి శెట్టిగారి వీధికి నడిచాను. నెలలు నిండిన కోడలున్న ఇల్లొకటి అడిగి తెలుసుకుని, అరుగు కింద నిలబడి అత్తగారిని పిలిచాను. తలుపు ఓరగా తెరుచుకుంది కానీ ఎవరూ బయటికి రాలేదు. నేను అక్కడే నిలబడి, ఎండలోంచే, మొదటినుంచి చివరిదాకా పాఠం చెప్పాను.